తలుపుకి కప్పిన రెయిన్‌కోటు

మా దీవుల్లోని చాతం జెట్టీలో గ్రీజు వాసన, తడిసిన ప్లాస్టిక్ వాసన కలిసి వచ్చినప్పుడల్లా నాకు ఆ తలుపు గుర్తొస్తుంది. కోపమూ వస్తుంది.

నాన్న పాత లారీ తలుపు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఊడిపోయింది. తలుపు లేకపోతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాదు, అది రాకపోతే లారీ కదలదు, ఇల్లు గడవదు. దీవుల్లో దొరికే తలుపులన్నీ తుప్పు పట్టినవే. అందుకని సముద్రపు గాలి సోకని అనంతపురం వైపు ఒకటి వెతికించి, గ్రీజు పూయించి ఓడ మీద తెప్పించాడు. ఓడలో ఒరుసుకుని ఆ గ్రీజు అక్కడక్కడ చెరిగిపోయింది. దాన్ని ఫెర్రీలో బాంబూఫ్లాట్‌లోని మా ఇంటికి తీసుకెళ్తుంటే వాన మొదలైంది. నాన్న నా కొత్త పసుపు రెయిన్‌కోటు విప్పి తలుపుకి కప్పాడు.

"ఏం భయ్యా, బచ్చీని తడిపేసి దర్వాజాకి కోటేస్తన్నావా? దానికి టికెట్ కూడా తీశావా?" అని ఫెర్రీ ఖలాసీ నవ్వాడు.

"అమ్మడూ, నువ్వు తడిస్తే ఆరిపోతావు. ఇది తడిస్తే తుప్పట్టిపోతాది," అన్నాడు నాన్న నాతో.

నాకంటే ఆ ఇనుమే ఆయనకు ముద్దని అప్పుడే తేల్చుకున్నాను.

ఆ వానలో నాన్న బనియన్‌తోనే నిలబడ్డాడని, తన చొక్కాను నా కోటు కంటే ముందే తలుపు బందులకు చుట్టేశాడని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. ఆ తలుపు వల్లే మేం అన్నం తిన్నామనీ తెలుసు. అయినా చొక్కా ఆయనది, ఇష్టపడి ఇచ్చాడు. నా రెయిన్‌కోటు తీసేటప్పుడు మాత్రం నన్ను అడగలేదు.