మగ్గం ఆపించిన పాడ్‌కాస్ట్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని గట్టి నమ్మకం. తిరువళ్ళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరాను, ఆదివారాలు తిరుత్తణిలో మా ఇంటికొచ్చి అవ్వ చేత పాడ్‌కాస్ట్ చేయించేవాణ్ణి. చేయించడమంటే ఏమీ లేదు, అవ్వ మగ్గం నేస్తూ తన చిన్ననాటి కబుర్లు, చుట్టాల తగాదాలు చెప్పుకుపోయేది, నేను పక్కన ఫోను పెట్టేవాణ్ణి. వినేది పళ్ళిపట్టు వైపు నేత ఇళ్ళవాళ్ళు ఓ ముప్పై నలభై మంది. వాళ్ళంతా నా అభిమానులే అనుకునేవాణ్ణి.

శ్రోతలు పెరగాలంటే శబ్దం శుభ్రంగా ఉండాలని ఎక్కడో విన్నాను. మగ్గం ఆపమన్నాను. చేతులు ఆగితే అవ్వకు మాట రాదు. "ఏం చెప్తా ఉంటినిరా?" అని నా మొహం చూసింది. "నీ గొంతు దీనికి పనికిరాదులే అవ్వా," అనేసి నేనే మొదలుపెట్టాను, టీవీ వార్తల తెలుగులో. (తమిళ బడిలో చదువుకోవడంతో తెలుగు చదవడం సరిగా రాక, అదంతా తమిళ అక్షరాల్లో రాసుకుని!)

మూడో ఆదివారం పళ్ళిపట్టు నుంచి ముగ్గురు పూలమాలతో మా గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళలో పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "అవ్వ ఎప్పుడు పోయింది నాయనా? మాకొక మాట చెప్పకపోతివే" అన్నాడు. మా నేతవాళ్ళలో చావు జరిగిన ఇంట్లో మైల తీరేదాకా మగ్గం ఆడదు. అవ్వ గొంతూ లేదు, మగ్గం చప్పుడూ లేదు, ఇంకేమనుకుంటారు? ఇంతలో లోపల్నుంచి అవ్వ, "ఎవర్రా వచ్చినారు? కాఫీ తాగతారేమో అడుగు" అంది. ఆ ముగ్గురిలో ఒకామె మాల కింద పడేసి ఏడుస్తూ నవ్వింది. నేను సౌండ్ క్వాలిటీ గురించి వివరించబోయాను. పెద్దాయన, "ఆ చప్పుడు వింటా ఉంటే నా మగ్గం గూడా బాగా ఆడేది నాయనా," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఫోను పట్టుకుని అవ్వ దగ్గరికి పోయాను. క్షమించమనలేదు, ఆ వయసులో అది నామోషీ; మళ్ళీ మాట్లాడమన్నాను, అంతే. "పనికిరాదంటివి గదరా. పక్కకు జరుగు, పని చూసుకోనీ," అంది. తను చనిపోయేదాకా అవ్వ ఆ ఫోను ముందు మళ్ళీ నోరు విప్పలేదు.

ఇప్పుడు నన్ను వినేవాళ్ళు చాలామందే. ఎవరో, ఎక్కడివాళ్ళో తెలియదు. శ్రోతల్ని నిలుపుకోవడమెలాగని కాలేజీ పిల్లలు అడిగితే మైకుల గురించి గంటసేపు చెబుతాను, సిగ్గుచేటైన ఈ కథ మాత్రం చెప్పను. మొన్న జ్వరంతో నెలరోజులు గొంతు పెగల్లేదు, పాడ్‌కాస్ట్‌లో ఏమీ పెట్టలేదు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. అప్పటి ఆ తెలివైనవాణ్ణి తలుచుకుని మంచంలోనే నవ్వుకున్నాను. అయినా వాకిట్లో చెప్పుల చప్పుడైతే మాత్రం, ఎవరొచ్చారా అని తలెత్తి చూసేవాణ్ణి.