అద్దాల పెట్టెలో పసుపు మరక

మొన్నామధ్య మా మేనకోడలు ఒక ఫోటో పంపింది. కొడుక్కి ఫుట్‌బాల్ స్టేడియం చూపించడానికి తీసుకెళ్లిందట. అక్కడ ఈ సీజన్‌లో క్లబ్ చరిత్ర గది ఒకటి తెరిచారు. అందులో ఒక అద్దాల పెట్టె, పెట్టెలో చారల ఉన్ని మఫ్లర్, దాని తెల్ల చార మీద బొటనవేలంత పసుపు మరక. తొలినాళ్ల భారతీయ అభిమానిదనీ, చుట్టూ నిలబడ్డ జనం ఆయన మీద ఆవాలతో చేసే పచ్చటి మస్టర్డ్ సాస్ విసిరిన గుర్తు ఇదనీ కింద పలక మీద రాసి ఉంది. ఆ మఫ్లర్ మా బావది. "నాన్న ఇది మాకెప్పుడూ చెప్పలేదేంటి మామయ్యా" అని మేనకోడలు ఇంగ్లీషులో అడిగింది. బావ చెప్పకపోవడానికి కారణం, అది జరగలేదు. జరిగిందనిపించినవాణ్ణి నేను.

క్లబ్ పేరు రాయను. ఇంగ్లీషువాళ్ల ఈ దేశంలో ఫుట్‌బాల్ ఎరిగినవాళ్లకి తెలియని పేరైతే కాదు. వేసవిలో క్రికెట్ ఆడే చర్చి కుర్రాళ్లు చలికాలం ఊరికే కూర్చోలేక మొదలుపెట్టిన ఆట, నూరేళ్లు దాటేసరికి ఊరికి ఊరే దాని పేరు చెప్పుకుని బతికేంత అయింది. మా బావ కాకినాడ నుంచి వచ్చిన డాక్టరు. వార్డు కిటికీలోంచి స్టేడియం దీపాలు కనపడేవి కాబట్టి ఆయన ఆ క్లబ్ మనిషయ్యాడు. నేను చదువుకోవడానికి వచ్చి వాళ్లింట్లో ఉన్న రోజుల్లో, ఆసుపత్రి డ్యూటీల్లో శనివారం ఖాళీ దొరికితే నన్నూ లాక్కుపోయేవాడు. "క్లబ్బంటే ఇంటిపేరు లాంటిదిరా. ఇక్కడ పెళ్లాన్ని మార్చినవాళ్లున్నారు గానీ దీన్ని మార్చినవాడు నాకు కనపళ్లేదు" అనేవాడు. వంటింట్లోంచి మా అక్క, "మార్చి చూడండి, తెలుస్తుంది" అనేది.

కొత్త గుడ్డ ఏదైనా అంచున పసుపు పెట్టకుండా మా అక్క గడప దాటనివ్వదు. మఫ్లర్ కొన్న రోజు పులిహోర కలుపుతోందేమో, వేలి చివరతో తాకించాల్సింది బొటనవేలంత అంటింది. "ఇది బట్ట కాదే, మఫ్లర్" అని బావ మొత్తుకున్నాడు. "మెడకి చుట్టుకునేది బట్ట కాకపోతే తోటకూరా?" అంది అక్క. వారాల తరబడి ఓడుతున్న జట్టు ఆ రోజు గెలిచింది. అప్పట్లో ఆ స్టాండ్‌లో కుర్చీలుండేవి కావు, అందరం నిలబడే చూసేవాళ్లం. మా పక్కన ఎప్పుడూ ఒక పెద్దాయన ఉండేవాడు, ఫ్లాస్కు మూతలో టీ పోసి ముందు బావకిచ్చి తర్వాత తను తాగేవాడు. ఆయన పేరు మాకు చాన్నాళ్లు తెలీదు, ఫ్లాస్కు పెద్దాయన అనుకునేవాళ్లం. ఆయనకి బావ 'డాక్'. మా రంగు మీద వెకిలి మాటలు ఆ మైదానంలో వినపడలేదని నేననను. విన్నాం. ఒకసారి వెనకనుంచి ఎవడో కూస్తే వెనక్కి తిరిగి వాడి నోరు మూయించింది ఆ పెద్దాయనే.

పోయినేడాది క్లబ్ వాళ్లు అభిమానుల దగ్గర పాత వస్తువులు అడిగారు. బావకి మోకాలి ఆపరేషనయి ఉంది, మఫ్లర్ ఇవ్వడానికి నేను వెళ్లాను. క్లబ్ తరఫున వీడియో తీస్తూ మైకు పట్టుకున్న ఒక అమ్మాయి మరక చూసి, ఎవరైనా ఏమైనా విసిరారా అని జాలిగా అడిగింది. పసుపు, శుభం, మా అక్క, పులిహోర, ఇవన్నీ కెమెరా ముందు విప్పి చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. "ఆ రోజుల్లో అలాంటివి మామూలే" అన్నాను. ఆ అమ్మాయికి అంతే కావాలి.

ఫోటో చూశాక బావ నన్ను తిట్టలేదు. "నా గురించి రాసినట్టు లేదురా, ఫ్లాస్కు పెద్దాయన మీద రాసినట్టుంది" అన్నాడు. అప్పట్నుంచి క్లబ్‌కి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. సంగీతం వినిపిస్తారు, ఇంకొకరికి కలుపుతారు, మళ్లీ సంగీతం. చివరికి దొరికిన ఒకావిడ, ఈ కథ చాలామందిని కదిలించిందండీ అంది. అది అబద్ధమండీ, చెప్పింది నేనే అన్నాను. ఏళ్లు గడిచాయి కదా, మీ జ్ఞాపకమే మారి ఉండొచ్చు అంది. చొక్కా మీది ముద్ర మార్చారు, చర్చి గుర్తు తీసేశారు, మేం నిలబడ్డ స్టాండ్ పేరు ఏదో కంపెనీకి అమ్ముకున్నారు. దేనికీ మమ్మల్ని అడగలేదు. ఒక్క పలక మార్చడానికి మాత్రం కమిటీ కూర్చోవాలట. మూడు నెలలైంది, ఇంకా కూర్చోలేదు.

పోయిన శనివారం బావతో మ్యాచ్‌కి వెళ్లాను. ఫ్లాస్కు పెద్దాయన పోయి చాలాకాలమైంది. ఆయన కొడుకు మా ముందు వరసలోనే కూర్చుంటాడు. ఆ గది తెరిచినప్పట్నుంచీ పలకరించినా పలకట్లేదని బావ దారిలోనే చెప్పాడు. హాఫ్ టైమ్‌లో ఆ కొడుకు భుజం తట్టి, ఆ మరక మస్టర్డ్ కాదని చెప్పబోయాను.

"పసుపు. నాకు తెలుసు" అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. "మా నాన్న మఫ్లర్‌కీ ఉండేది. జట్టు గెలుస్తోందని మీ అక్కనడిగి పెట్టించుకున్నాడు. శవపేటికలో దాంతోనే ఆయన్ని సాగనంపాం."

నేను బావ వైపు చూశాను. ఔనన్నట్టు తలాడించాడు.

"ఆ పలక దగ్గర మా అబ్బాయి అడిగాడు, విసిరినవాళ్లలో తాతయ్య కూడా ఉన్నాడా అని" అన్నాడాయన.

బావ సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలో టీ పోసి, ఆయన భుజం మీదుగా చాచాడు. అవతల ఆట మళ్లీ మొదలైంది. ఆ చెయ్యి అలాగే ఉంది, టీ మీద ఆవిరి సన్నగిల్లుతోంది. చివరికి ఆయన అందుకున్నాడు. నా వైపు మాత్రం చూడలేదు.

పసుపు మరక నాలుగు ఎండలు తగిలితే పోతుందని అక్క అంటుంది. ఈ దేశపు ఎండకి ఆ మరక ముప్పై ఏళ్లు నిలిచింది. దాని పక్కన నేను వేసిన మరక పోవడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. ఈలోగా అది పసుపేనని చెప్పగలిగినవాళ్లం ఒక్కొక్కళ్లమే తగ్గిపోతుంటాం.