ఇనుప డబ్బాలో రూసా నూనె

ఆ నూనెలో మా బావ ఏమీ కలపలేదు. కలిపాడని సేఠు అంటుంటే పక్కనే నిలబడి నేను నోరు మెదపలేదు. ఆ రోజు నేను చేసిన తప్పు అది. అంతకుముందు చేసింది బద్ధకం, దాన్ని దాచడానికి ఆడిన ఒక అబద్ధం.

వానాకాలం వెళ్లేసరికి ఆదిలాబాద్ అడవుల్లో రూసా గడ్డి నడుమెత్తు పెరిగి పూతకొస్తుంది. దాన్ని కోసి, వాగు ఒడ్డున రాగి బానలో ఉడికిస్తే ఆవిరితోపాటు నూనె దిగుతుంది. గులాబీ వాసన. కీళ్ల నొప్పులకు రాసుకుంటారు. పట్నాల్లో సబ్బులకు, అత్తర్లకు వాడతారు. మా అక్క తలకు రాసుకునే నువ్వుల నూనెలో నాలుగు చుక్కలు వేసుకునేది. ఆ సీసా ఎండాకాలమంతా ముక్కవాసన లేకుండా ఉండేది.

నూనె దించే ఆ బట్టీ గుత్తేదారుది, నడిపేది మా బావ. నూనె కొనే భైంసా సేఠు మెచ్చుకుంటేనే మరుసటి ఏడు కూడా ఆ పని బావకు దక్కేది. లేకపోతే కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు వెదురు కొట్టడమే.

చివరి బాన దిగిన రోజు బావకు జ్వరం. "నీళ్లు మంచిగ తేరనియ్యి. గాజు జాడీలల్ల మూతి దాకా పొయ్యి, గాలి జొరకుండ మైనం వెట్టు" అని నాకు చెప్పి పడుకున్నాడు. జాడీలు కడగాలి, ఆరబెట్టాలి. జాతరలో కుస్తీలు మొదలవుతాయని నాకు తొందర. అడుగున ఉన్న నీళ్లతో సహా నూనెనంతా ఒక ఇనుప డబ్బాలో గుమ్మరించి, పైన మైనం పూసి పోయాను. డబ్బా సగం కూడా నిండలేదు.

"డబ్బాల ఎందుకు పోసినవ్? నిండుగ ఉన్నదా? నీళ్లు దీసినవా?" అని బావ మర్నాడు అడిగాడు.

"జాడీలు పలిగినట్టున్నయ్ బావా. నిండుగనే ఉన్నది, నీళ్లు దీసిన."

నమ్మాడు.

ఎండలు ముదిరాక సేఠు వచ్చి మూత తీయించాడు. నూనె తుప్పురంగుకు తిరిగింది. పుల్లటి ఘాటు కొట్టింది. సేఠు మొహం తిప్పుకున్నాడు.

"కాయ్ రే, గిది రూసానా, రంగులేసెటోని సామానా? ఏం కలిపినవ్?"

"మా అవ్వ మీద ఒట్టు సేఠు, చుక్క గూడ కలపలే."

"మీ అవ్వ వచ్చి వాసన సూస్తదా? నా ముక్కు సూసింది చాలు."

సేఠు వెంట వచ్చిన గుత్తేదారు మనిషి పకపకా నవ్వాడు. సాక్ష్యం చెప్పమన్నట్టు బావ నావైపు చూశాడు. నేను నేల చూశాను.

చాలా ఏళ్లకు, కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే ఒకాయన్ని ఆ నూనె గురించి అడిగాను. అందులో ఎక్కువ పాలు జెరానియోల్ అనే పదార్థమేనట. గాలి చేసే చెరుపును ముందు తన మీద వేసుకుంటుంది కాబట్టి అది కలిసిన నూనె చెడకుండా నిలుస్తుందట. కానీ గాలి, నీరు, తుప్పు కలిసి పైన పడితే తనే చెడిపోతుందట. ఆయన ఉత్సాహంగా ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు బావ చూపు గుర్తొచ్చింది, మధ్యలోనే లేచి వచ్చేశాను.

సేఠు వెళ్లిన సాయంత్రమే బావకు అంతా చెప్పాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "గప్పుడే జెప్పకపోతివిరా" అన్నాడంతే. కడుపుతో ఉన్న అక్క లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు భైంసా పోయి సేఠుకు కూడా చెప్పాను. "ఎవడు ఖరాబ్ జేస్తే నాకేంది? బట్టీ ఇంకొకనికి ఇచ్చిండ్రు. జర ఛాయ్ తాగి పో" అన్నాడు. తాగబుద్ధి కాలేదు.

ఆ నెలలోనే బావ వెంట వెదురు కొట్టడానికి పోయాను. ఆలుమగలు జంటగా చేసే పని అది. అక్క చేయాల్సిన వంతు నేను తీసుకున్నాను. బావ నాతో మాట్లాడడం మానేశాడు. ఆయన నరికి పడేసిన బొంగులను నేను ఏరి, మోపులు కట్టి, బండ్ల దాకా మోసేవాణ్ణి.