చెప్పులు మటుకు నాయే

పోయిన నెలలో లక్డీకాపూల్‌లోని ఒక హోటలు హాల్లో పొద్దున్నుంచీ కూర్చుని ఉన్నాను. పరిశోధక విద్యార్థులకు దూరప్రాంతాల్లో శిక్షణకో సదస్సుకో వెళ్లడానికి ఖర్చులిచ్చే కమిటీలో నన్ను కూడా ఒక సభ్యురాలిగా వేశారు. ఏసీ చల్లగా ఉంది, బిస్కెట్లు మెత్తబడ్డాయి, నా పక్కనున్న పెద్దమనిషి టీ కప్పు చాటున ఆవులిస్తున్నారు. అప్పుడొక అమ్మాయి లోపలికి వచ్చింది. ఆకుపచ్చ చీర, చెవులకు బుట్టలు, నూనె రాసి బిగించి అల్లిన జడ. నమస్కారం పెట్టి, కూర్చోకముందే, "ఇవి బంగారం కాదు మేడమ్, కోఠీల కొన్న" అని చెవులు ముట్టుకుని చూపించింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. పక్కనున్న పెద్దమనిషి మంచిది మంచిది అన్నట్టు తలాడించి కాగితం మీద ఏదో రాసుకున్నారు. నాకు మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంచినీళ్లు తాగే వంకతో తల దించుకున్నాను. గ్లాసు ఖాళీ అయినా చాలాసేపు దాన్ని కింద పెట్టలేదు.

నేను పరిశోధన చేసే రోజుల్లో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. మా నాన్నకు అక్క ఆవిడ. నల్లగొండ వైపు పల్లెలో నాట్లు వేసి, కలుపు తీసి, భర్తతో బతుకుతెరువుకు పట్నం వచ్చింది. నాంపల్లి స్టేషను వెనక సందులో ఒకటిన్నర గది కిరాయికి తీసుకున్నారు. ఆ అర గది ఏమిటని అడిగేవాళ్లకు అత్తమ్మ, "అది మా బిడ్డ సదువుకునే రూమ్" అని గొప్పగా చెప్పేది. నిజానికది వంటింటికీ గోడకీ మధ్య మిగిలిన జాగా. అక్కడ కూర్చుంటే స్టేషన్లో మైకులో చెప్పే బళ్ల పేర్లన్నీ వినపడేవి. థీసిస్‌లో మొదటి అధ్యాయం రాసే నాటికి ఏ బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో నాకు కంఠతా వచ్చేసింది. జనవరిలో పక్క మైదానంలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలైందంటే ఇక చదువు సాగేది కాదు. జెయింట్ వీలు మీద అరిచేవాళ్ల కేకలు, మిరపకాయ బజ్జీల వాసన నేరుగా నా పుస్తకాల్లోకి వచ్చి పడేవి.

మామయ్య పోయాక అత్తమ్మ అబిడ్స్ చీరల కొట్లకు ఫాల్ కుట్టి ఇచ్చేది. పొద్దున మూట తెచ్చుకుని సాయంత్రానికి అప్పజెప్పేది. దండెం మీద ఎప్పుడూ కంచి, ధర్మవరం, గద్వాల పట్టుచీరలు వేలాడుతుండేవి. ఇల్లంతా పట్టే, అందులో ఒక్కటీ మాది కాదు. కుట్టేటప్పుడు అంచు ఒళ్లో వేసుకుని ముచ్చటపడేది గానీ, ఒక్కసారైనా కొంగు భుజాన వేసుకుని అద్దంలో చూసుకోలేదు. పరాయి చీరను ఒంటిమీద వేసుకుంటే కొనేవాళ్లకు పాత చీర అమ్మినట్టేనని ఆవిడ లెక్క. ఇంత పట్టింపు ఉన్న మనిషి తర్వాత ఏం చేసిందో చెబుతాను.

నా పరిశోధన మా వైపు ఊళ్లలోని బావుల నీళ్ల మీద. అత్తమ్మ దాన్ని "బాయిల డాక్టరు" అనేది. సందులోవాళ్లకు అదేం వైద్యమో అర్థమయ్యేది కాదు, అయినా మోకాళ్ల నొప్పులకు నన్ను మందు అడిగేవారు. ఫెలోషిప్ అని ఒకటి వచ్చేది. రావడమంటే నెలనెలా రావడం కాదు, మూసీకి నీళ్లొచ్చినట్టు వస్తే ఒక్కసారే, లేకపోతే నెలల తరబడి ఎండే. మా డిపార్టుమెంటు నోటీసు బోర్డు మీద ప్రయాణ గ్రాంటులు, శిక్షణ శిబిరాలు, వ్యక్తిత్వ వికాసం తరగతులు అంటూ కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉండేవి. సగం గడువు దాటినవే. మేమంతా టీ తాగి వచ్చి వాటిని చదివి, నిట్టూర్చి, మళ్లీ టీకి వెళ్లేవాళ్లం. అలా నిట్టూరుస్తున్న ఒక రోజు పూనాలోని ఒక ప్రయోగశాల నుంచి నన్ను శిక్షణకు తీసుకుంటామని కబురు వచ్చింది. నా నీళ్ల నమూనాలను పరీక్షించే యంత్రం అక్కడే ఉంది. వెళ్లకపోతే ఆ నీళ్లు సీసాల్లోనే ఉండిపోతాయి. నా ఫెలోషిప్ గడువు కూడా ఆ ఏటితో సరి. వెళ్లి అక్కడ ఉండేందుకు కావలసిన ఖర్చు మాత్రం మా ఇంటావంటా లేదు.

మా గైడు గారు ఆలోచించి, అబిడ్స్‌లో ఒక ట్రస్టు ఉందని, లేనివాళ్ల పిల్లలకు ఇలాంటి ఖర్చులిస్తుందని, ఇంటి పెద్దను వెంటబెట్టుకుని వెళ్లమని చెప్పారు. ఆ ట్రస్టు సంగతి హాస్టలు సీనియర్లకు బాగా తెలుసు. అక్కడికి వెళ్లడానికంటూ హాస్టల్లో ఒక చొక్కానే ఉండేది. బూడిద రంగుది, కాలరు పోగులు లేచింది, మోచేతి దగ్గర చిరుగు. ఇంటర్వ్యూ ఉన్నవాడు దాన్ని అడిగి తీసుకెళ్లేవాడు, గ్రాంటు వచ్చాక ఇస్త్రీ చేయకుండా జాగ్రత్తగా తిరిగి ఇచ్చేవాడు. ఆ చొక్కా కోసం ఒకసారి ఇద్దరు కొట్టుకున్నారని కూడా చెప్పుకునేవారు. ఆడపిల్లలకు అలాంటి ఉమ్మడి ఆస్తి లేదు కాబట్టి, వెలిసిపోయిన డ్రస్సు ఎవరిది వాళ్లే చూసుకోవాలి.

పాత బట్టలతో వెళ్లాలన్న ఈ సలహా ఇంటికి తెచ్చి చెబితే అత్తమ్మ సూది ఆపి నా మొహం వంక చూసింది. "పెద్దమనుషుల కాడికి గట్ల పోతరా బిడ్డా? వాళ్ల ఇజ్జత్ ఏం గావాలె, మన ఇజ్జత్ ఏం గావాలె?" అంది. మా ఊళ్లో పద్ధతి అదే. విత్తనాలు అడగాలన్నా, దుక్కికి ఎడ్లు అడగాలన్నా తలస్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళతారు. మాసిన బట్టలతో వెళితే ఇచ్చేవాడి గడపను తక్కువ చేసినట్టు లెక్క. నేను ఎంత చెప్పినా వినలేదు. నిజం చెప్పాలంటే గట్టిగా చెప్పలేదు కూడా. ఆవిడ సంబరం చూస్తే నోరు రాలేదు.

ఎన్నడూ పరాయి చీర భుజాన వేసుకోని ఆ మనిషి పక్కింటికి వెళ్లి చీర అడిగింది. ఆ పక్కింటి ఆవిడది గోదావరి వైపు. వాళ్ల మామగారి కాలంలో హైదరాబాదు వచ్చి స్థిరపడ్డారు. నేను పిన్నిగారు అనేదాన్ని. ఆవిడకు మనసుతో పాటు ఉత్సాహం కూడా ఎక్కువ. నెమలికంఠం రంగు పట్టుచీర ఇచ్చి, దాంతో ఆగక రెండుపేటల గొలుసు తెచ్చి తానే అత్తమ్మ మెడలో వేసింది. "చేతులు బోసిగా ఉన్నాయి వదినగారూ, గాజులు కూడా తెస్తానుండండి" అని మళ్లీ ఇంట్లోకి పరుగెత్తింది. నాకూ ఒక కొత్త చీర చుట్టారు. అత్తమ్మ అర్ధకిలో కలాకంద్ డబ్బా కొని చేత పట్టుకుంది. నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచే వెళ్లాం. పోస్టాఫీసు దాటుతుంటే ఒక కొట్టు అద్దంలో అత్తమ్మ తనను తాను చూసుకుని కొంగు సర్దుకుంది. అంత నిటారుగా ఆవిడ నడవడం నేను మళ్లీ చూడలేదు.

ట్రస్టు ఆఫీసు ఒక పాత భవనంలో మేడ మీద. వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా మమ్మల్ని చూసి కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. దాతలు అనుకున్నారు కాబోలు. ఒకతను లేచి నిలబడ్డాడు కూడా. చూస్తే బూడిద రంగు చొక్కా. ఆ చొక్కా మమ్మల్ని చూసి లేచి నిలబడటం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అతని కంటపడకుండా అత్తమ్మ వెనక్కి జరిగాను.

లోపల ముగ్గురు ఉన్నారు. మధ్యలో కూర్చున్నాయన నెమ్మదస్తుడు. నా పని గురించి ఒకటి రెండు మంచి ప్రశ్నలు అడిగారు, నేను చెబుతుంటే విన్నారు. చివర కూర్చున్నాయన మాత్రం మొదటినుంచీ అత్తమ్మ మెడ వంకే చూస్తున్నారు. "గొలుసు బాగుందమ్మా. మరి సాయం అడగనీకి ఎందుకొచ్చిన్రు?" అన్నారు. అత్తమ్మకు అది మెచ్చుకోలులా తోచి చిన్నగా నవ్వింది. నాకు పూనా, సీసాలు, ఆగిపోయే థీసిస్ అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "అది మాది కాదు సార్. అరువు తెచ్చుకున్నాం" అన్నాను.

అత్తమ్మ నవ్వు అట్లాగే ఉండిపోయింది. తర్వాత, "గదేంది బిడ్డా, గట్లంటవు. నాదే సారూ, మా అమ్మ పెట్టింది" అంది. మా ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడుతున్నామని అక్కడ అందరికీ తెలిసింది, ఎవరన్నది తేలలేదు. మధ్యలో ఉన్నాయన ఇబ్బందిగా దగ్గి, "జర బయట కూసోండ్రి. ఆఖరికి పిలుస్తం" అన్నారు. కలాకంద్ డబ్బా వాళ్ల బల్ల మీద పెట్టబోతే, అలాంటివి తీసుకోం అంటూ తిరిగి ఇచ్చేశారు.

వరండా చివర మెట్ల మీద కూర్చున్నాం. కింద అబిడ్స్ రోడ్డు ఎప్పటిలాగే రద్దీగా ఉంది. నాకు సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. అరువు సొమ్ము పెట్టుకొచ్చినందుకా, ఆ మాట నలుగురిలో అన్నందుకా, అబద్ధాలకోరునని వాళ్లు అనుకున్నందుకా, ఏదని విడదీసి చెప్పలేను. నేను చెప్పింది నిజమే. అయినా ఆవిడ వంక చూడలేకపోయాను. వరండాలో బెంచీలు సగం ఖాళీ అయ్యాక అత్తమ్మే నోరు విప్పింది. "అవసరం ఉన్నదని చెప్పనీకి వచ్చినం బిడ్డా. మేం గతిలేనోళ్లమని చెప్పనీకి రాలే." మళ్లీ తనే, "చెప్పకపోతే ఇయ్యరా?" అని అడిగింది. ఇవ్వరు అత్తమ్మా అన్నాను. "నీ బాయిల సదువు ఆగుతదా?" ఆగుతుందన్నాను. ఆవిడ కలాకంద్ డబ్బా నా ఒళ్లో పెట్టి లేచింది. నన్ను పిలిచేదాకా ఉండమంది. వెంట రావద్దంది.

తలుపు ఓరగా ఉంది. ఆవిడ గొంతు నాకు స్పష్టంగా వినపడింది. "పిల్ల చెప్పిందే నిజం సారూ. గొలుసు మా పక్కింటామెది. చీర గూడ ఆమెదే. గాజులు ఆమెయే." అక్కడ ఆగింది. ఇక చెప్పడానికి ఒంటి మీద ఏం మిగిలిందా అని వెతుక్కుందేమో. "చెప్పులు మటుకు నాయే" అంది.

గ్రాంటు వచ్చింది. ఇంటికి వెళ్లేదాకా ఆగకుండా అక్కడే చెప్పేశారు. చివర కూర్చున్నాయన స్వయంగా వచ్చి, ముందే చెబితే పోయేది కదమ్మా అని అత్తమ్మను ఓదార్చారు. మంచి మనసుతోనే అన్నారు. తిరిగి వెళ్లేటప్పుడు అత్తమ్మ కొంగు మెడ చుట్టూ కప్పుకుని, గొలుసు కనపడకుండా నడిచింది. కలాకంద్ సందులో పిల్లలకు పంచింది. పిన్నిగారు ఎదురొచ్చి ఏమైంది అని అడిగితే, "మంచిగ చూసుకున్నరు" అని చెప్పి గొలుసు ఆవిడ చేతిలో పెట్టింది.

నేను పూనా వెళ్లాను. నీళ్లు పరీక్షించాను, డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. పట్టా ఇచ్చే రోజు అత్తమ్మను రమ్మంటే, "నాకు మంచి చీర లేదు బిడ్డా" అంది. తడుముకోకుండా అంది, ఇవాళ కుళాయి నీళ్లు రాలేదు అన్నంత మామూలుగా. అబిడ్స్ వెళ్లి నెమలికంఠం రంగు పట్టుచీరే వెతికి కొనుక్కొచ్చాను. దానికి ఎంతో పొందిగ్గా ఫాల్ కుట్టింది. కుట్టి, మడతపెట్టి, మూటలో మిగతా చీరల పక్కన పెట్టబోయి, గుర్తొచ్చి తీసి పెట్టెలో దాచింది. అది కట్టుకోగా నేను చూడలేదు. ఆవిడ పోయిన రోజున మేమే కప్పాం.

ఆకుపచ్చ చీర అమ్మాయికి ఆ రోజు గ్రాంటు ఇచ్చాం. ఆ పిల్ల పని నిజంగా బాగుంది, దానికే ఇచ్చాం. ఈ మాట తనకు చెప్పాలని హాలు బయటికి వచ్చేసరికి లిఫ్టు కిందికి వెళ్లిపోయింది. మెట్ల దగ్గరే కాసేపు నిలబడ్డాను. అత్తమ్మ మాకు లేదు అనే మాట అనడానికి ఒక పూటంతా మెట్ల మీద కూర్చోవలసి వచ్చింది. ఇప్పుడు పిల్లలకు కూర్చోకముందే ఆ మాట నోటికి వచ్చేస్తోంది. ఇన్నేళ్లూ బల్లకు ఇవతలి వైపు కూర్చుని మేం నేర్పింది ఇదేనేమో.