తంగళ్ళపల్లికి రెండో మోటారు

కథలాపూర్ ఇంకా రాలేదు. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ బర్రె కోసం మా బస్సు గట్టిగా ఆగింది. ఆ ఊపుకి వెనక సీటు కిందనుంచి గోనెసంచి ఒకటి జారివచ్చి నా మడమకు తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగి చూస్తే సంచి మూతిలోంచి బొటనవేలంత లావు ఇనుప కడ్డీ తొంగిచూస్తోంది.

“తాకిందా సార్?” అన్నాడు వెనకనుంచి, మెడకు తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి.

“తాకింది. ఏముంది ఇందులో?”

“మోటరు. రెండు హార్సుపవర్లది, త్రీ ఫేజు.” సంచిని ఆ చివరినుంచి ఈ చివరిదాకా తడిమాడు. “దీనికైతే ఏం గాలే.”

కండక్టరమ్మ అక్కడినుంచే అరిచింది. “తాతా, గా సంచి నడిమిట్ల పెట్టకని కోరుట్లలనే చెప్పిన.”

“ఒళ్ళె పెట్టుకుంటతియ్ బిడ్డా.”

“ఇరవై కిలోలు ఒళ్ళె పెట్టుకుంటవా?”

“నా మనుమడు గింతకన్న బరువుంటడు. వాడు ఊకె కూసోడు గూడ.”

చివరికి సంచి నా కాళ్ళకూ ఆయన కాళ్ళకూ మధ్య ఇరుక్కుంది, ఆయన నా పక్క సీట్లోకి వచ్చాడు. నాకు పోవలసిన ఊరంటూ లేదు. జగిత్యాలలో పొద్దున ఒక బస్సెక్కాను, కోరుట్లలో చాయ్ తాగి ఇంకో బస్సెక్కాను. ఆ బస్సు సిరిసిల్ల వెళ్తోంది కనుక నేనూ సిరిసిల్ల వెళ్తున్నాను. ఇలా తిరిగేవాడికి తోడు తగలడమే పెద్ద పని.

ఆయన పేరు రాజయ్య. అరవై రెండేళ్ళు. ఊరు కథలాపూర్. ఆ మాట ఆయన చెబుతుండగానే కథలాపూర్ వచ్చింది. నేను దారివ్వడానికి కాళ్ళు ముడుచుకున్నాను. ఆయన లేవలేదు సరికదా, తువ్వాల తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. బయటనుంచి ఎవరో కిటికీ ఊచలమీద తట్టారు.

“రాజన్నా, నిద్రవోయినవా? ఊరచ్చింది.”

“నిద్రలనే ఉన్న,” అన్నాడు రాజయ్య కళ్ళు తెరవకుండా.

బస్సు కదిలాక ఒక కన్ను తెరిచి, “పోయిండా?” అని అడిగాడు. పోయాడన్నాను. “చూస్తె అడుగుతరు సార్. మోటరెక్కడికి, ఎందుకు, మొన్ననే ఒకటి తీస్కపోతివి గద, గదేమాయె అని. అల్లునికి ఆటో ఉన్నది. సామాన్లదే. ఫోన్ చేస్తె వచ్చి తీస్కపోతడు. గని దారంత గదే అడుగుతడు.”

“ఆ మొదటిదేమైంది?”

ఆయన ముందు కండక్టరు వైపు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. మళ్ళీ కనబడని మనిషి దగ్గర మనసు విప్పడం సులువని నా అనుభవం. ఎన్ని బస్సుల్లో ఎంతమంది బరువులు మోశానో.

“కాలిపాయె,” అన్నాడు. “నేనే కాలవెట్టిన. గది ఎవలికి తెల్వదు.”

రాజయ్య పదహారో ఏట ఒక దొరగారి బావిలోకి తాడు కట్టుకుని దిగాడు. కోరుట్ల మెకానిక్కు దిగడానికి భయపడి, లోపలున్న మోటారు విప్పడానికి ఈ కుర్రవాణ్ణి దింపాడట. పైనుంచి అతను చెప్తుంటే కింద ఇతను విప్పాడు. అదే బడి, అదే పరీక్ష. అప్పటినుంచి నలభై ఆరేళ్ళుగా కథలాపూర్ చుట్టుపక్కల బావులకూ బోర్లకూ ఆయనే డాక్టరు. సొంతానికి గుంటెడు భూమి లేదు గానీ ఊరి భూములన్నీ తడిసింది ఆయన చేతిమీదుగానే. ట్రాన్స్‌ఫార్మరు మార్చిన మర్నాడు ఊళ్ళో మోటార్లన్నీ ఒకేసారి ఎదురు తిరిగి నీళ్ళు సన్నగా వస్తుంటే, పొలం పొలం నడిచి రెండేసి తీగలు మార్చి వచ్చేదీ ఆయనే.

కూతురు స్రవంతి ఐటీఐలో టర్నర్ పని నేర్చుకుంది. తంగళ్ళపల్లిలో భర్తతో, అత్తగారితో ఆమె ఉంటున్న అద్దె ఇంటి వెనక ఒక షెడ్డు ఉంది. ఒకప్పుడు అందులో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడేవట. మగ్గాలు పోయినా త్రీ ఫేజు మీటరు మిగిలింది. అక్కడ ఇనుమును గుండ్రంగా తిప్పుతూ చెక్కే పాత లేత్ మిషను ఒకటి పెట్టుకుని, ఊళ్ళో ఇంకా ఆడుతున్న సాంచాలకు అరిగిన షాఫ్టులూ బుష్‌లూ చేసిస్తోంది. లేత్‌కు మోటారు కావాలంటే రాజయ్యే తెచ్చి, తనే బిగించాడు. పది నిమిషాలు నడిచింది. పొగ వచ్చింది.

ఇక్కడ కొంచెం చెప్పాలి. మోటారు పక్కన చిన్న డబ్బా, దాన్లో రెండు వరుసల్లో ఆరు బోల్టులు, వాటిని కలపడానికి ఇత్తడి పట్టీలు ఉంటాయి. పట్టీలు నిలువుగా నిలబెడితే డెల్టా, ఒక వరుసలో అడ్డంగా పడుకోబెడితే స్టార్. మా వైపు బావుల దగ్గరుండే అయిదు హార్సుపవర్ల పెద్ద మోటార్లకు నిలువు. రెండు, అంతకు లోపు చిన్నవాటికి అడ్డం. చిన్నదానికి నిలువు పెడితే అది తట్టుకోలేదు. రాజయ్యకు ఇది తెలియక కాదు. నలభై ఆరేళ్ళు నిలబెట్టిన చెయ్యి, ఆ రోజు కూడా తనంతట తానే నిలబెట్టేసింది.

నాకు దీనికి ఆశ్చర్యం లేదు. రైల్లో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసి రిటైరైన మిత్రుడొకడు నాకుండేవాడు. కూతురి పెళ్ళి పత్రికలు స్టేషన్ల వరుసలో పేర్చి, అదే వరుసలో పంచడానికి బయల్దేరాడు. సొంత బావమరిది లైను చివర ఉండేవాడు. పత్రిక చేతికందేసరికి అప్పగింతలు కూడా అయిపోయాయి. వాళ్ళు పన్నెండేళ్ళు మాట్లాడుకోలేదు.

“కాలింది సరే. ఒప్పుకుంటే పోయేది కదా?” అన్నాను.

“వోల్టేజీ తక్కువుండె అని చెప్పిన. నోట్లకెల్లి అట్లనే వచ్చింది. గంతే. మా వియ్యపురాలు శంకరవ్వ గప్పటి సంది లైన్‌మన్ మల్లన్నను దినాం తిడుతాంది. పది దినాలాయె. పాపం, ఆయనేం జేసిండు?” సంచిమీద చెయ్యి వేశాడు. “ఇది మంచిగ నడిస్తె ఇగ గా ముచ్చటే లేవదు.”

సిరిసిల్లలో దిగి, ఆటోలో మానేరు దాటి, తంగళ్ళపల్లి సందులో సంచికి కర్ర దూర్చి ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం. గడపలో శంకరవ్వ నిలబడి ఉంది.

“అచ్చినవా అన్నా? ఈసారి పొగ లేని మోటరు తెచ్చినవా?” నన్ను కిందికీ మీదికీ చూసింది. “ఈయనెవలు, మెకానికా?”

“బస్సుల దొరికిండు అక్కా.”

“మంచిగనే దొరికిండు. నీకన్న ముసలోడు.”

షెడ్డులో స్రవంతి చేతులు తుడుచుకుంటూ లేచి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పంజాబీ డ్రెస్సుమీద మగవాళ్ళ చొక్కా, జుట్టు బిగించి ముడి. లేత్‌మీద గుడ్డ కప్పి ఉంది. పది రోజులుగా తీయనట్టుంది.

రాజయ్య పని చూడ్డానికి బాగుంటుంది. ముందు గోడమీది మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. “నా జేబుల ఉన్నంతసేపు ఎవడు కరెంటు ఇయ్యలేడు,” అన్నాడు నాతో. మోటారును చెక్కమీద పెట్టి కాళ్ళ బోల్టులు బిగించాడు, పాత పుల్లీ దీనికి ఎక్కించాడు. ఎర్త్ తీగ మొదట కలిపాడు. తర్వాత డబ్బా మూత తీశాడు.

అక్కడ ఆయన చెయ్యి ఆగింది. పట్టీ నిలువుగా పోబోయి, మధ్యలో ఆగి, అడ్డంగా తిరిగింది. ఒకటి, రెండు. అడ్డానికి రెండే సరిపోతాయి. మూడోది అరచేతిలో మిగిలింది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

స్రవంతి టార్చి పట్టుకుని పక్కనే ఉంది. చాలా నెమ్మదిగా అంది. “ఈసారి పండవెట్టినవ్ బాపు.”

రాజయ్య మూడో పట్టీని స్టూలుమీద పెట్టాడు.

“పోయినసారి నిలవెట్టినవ్ గద.”

“నీకెప్పుడు ఎరుక?”

“పొగ లేసిన నాడే. నువ్వు బువ్వ తింటుంటె మూత తీసి చూసిన.”

“మరి చెప్పకపోతివి?”

“నువ్వే చెప్తవేమో అనుకున్న.” టార్చి వెలుగు కొంచెం కూడా కదల్లేదు. “వైర్లు కలుపు. బెల్టు ఇప్పుడే ఎయ్యకు.”

బెల్టు వేయకపోవడానికి కారణం ఉంది. లేత్‌లో పనిముక్కను పట్టుకునే చక్కును మర తిప్పి బిగిస్తారు. మోటారు ఎదురు తిరిగితే చక్కు ఊడి మనుషుల మీదికి రావచ్చు. శంకరవ్వకు ఇదేమీ పట్టదు. ఆమె అప్పటికే చక్కుకు పసుపు రాసి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ పట్టుకుని తయారుగా ఉంది. దండ తీయమంటే ఆమెకు కోపం వచ్చింది. తీయకపోతే నడపనంటే రాజయ్యకు కోపం వచ్చింది. దండ చివరికి నా మెడలో పడింది, పెట్టడానికి వేరే చోటు లేక.

జేబులోంచి ఫ్యూజులు తీసి పెట్టి, స్విచ్ వేశాడు. మోటారు హాయిగా మూలిగి తిరిగింది. ఎదురు వైపు.

“ఉల్టా,” అంది స్రవంతి.

“మూడిట్ల ఏ రెండు మార్చినా సరే,” అంటూ ఆయన మళ్ళీ ఫ్యూజులు జేబులో వేసుకుని తీగలు మార్చాడు. రెండోసారి సరిగ్గా తిరిగింది. పావుగంట ఊరికే నడవనిచ్చాడు. స్రవంతి మోటారు వీపుమీద చెయ్యిపెట్టి, జ్వరం చూసినట్టు చూసి, బెల్టెక్కించింది. శంకరవ్వ కాయ కొట్టింది.

“పొగ లేదు,” అందామె, ముక్కు ఎగబీల్చి. “చూసినవా అన్నా? మల్లన్న ఇయ్యాల వోల్టేజీ మంచిగ ఇడిసిండు. పొద్దుగాల గుడ నాలుగు పెట్టిన. తిడితెనే ఇంటరు గీళ్ళు.”

రాజయ్య నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడవడం ఆపాడు.

“మల్లన్నది తప్పు లేదక్కా. నేనే పట్టీలు తప్పు పెట్టి కాలవెట్టిన.”

శంకరవ్వ కొబ్బరి చిప్పలు రెండు చేతుల్లో పట్టుకుని ఆయన వైపు తిరిగింది.

“గట్లనా,” అంది. “పది దినాల తిట్లు. ఎంత మంచి మంచియి తిట్టిన. అన్ని వట్టిగనే పాయె.” ఒక చిప్ప ఆయన చేతిలో పెట్టింది. “తిను. మిగిలినయి వంట జేసినంక తిడత.”

స్రవంతి అప్పటికే చక్కులో ఒక ఇనుప కడ్డీ బిగించింది. కత్తి ఆనించగానే ఇనుము సన్నటి చుట్టగా లేచి వంకర్లు తిరుగుతూ కింద పడింది. మేమంతా దాన్నే చూస్తున్నాం. ఇనుము కూడా ఉల్లిపొరలా ఊడొస్తుందని ఎన్నిసార్లు చూసినా నాకు వింతే.

నేను తలతిప్పేసరికి రాజయ్య లేడు. స్టూలుమీద మిగిలిన ఇత్తడి పట్టీ ఉంది, ఖాళీ గోనెసంచి మడతపెట్టి ఉంది. తువ్వాల లేదు. కొబ్బరి చిప్ప కూడా లేదు.

“బువ్వ తినకుంటనే పాయె,” అంది శంకరవ్వ గుమ్మంలోకి వచ్చి. “చెప్పన్న చెప్పకపాయె. గటెటు పోతుండు? బస్సులాగేది ఇటు గద.”

స్రవంతి మిషను ఆపకుండా తల మాత్రం బయటికి వంచి చూసింది.

“మల్లన్న ఇల్లు గటే అత్తమ్మా,” అంది.

సందు చివర కరెంటు స్తంభాల వెంబడి, తువ్వాల భుజాన వేసుకుని, కొబ్బరి కొరుకుతూ రాజయ్య నడుస్తున్నాడు. వెనక్కి చూడలేదు. నేను నా మెడలోని బంతిదండ తీసి ఎక్కడ పెట్టాలా అని వెతుక్కున్నాను.