మిరపకాయల గదిలో ఆదివారాలు

పోయిన మంగళవారం పొద్దున, మాచర్లలో మా ఇంటి ముందు మా అత్తవారి ఊరి బండి ఆగింది. తోలుకొచ్చినతను దిగకుండానే చెప్పాడు, పెద్ద కోడలమ్మ తెల్లారుజామున పోయిందని. మూడు రోజుల చలిజ్వరం. నేను చేతిలో చేట పక్కన పెట్టి అట్టాగే బండెక్కాను. దుర్గి దాటి మా ఊరు చేరేదాకా ఏడుపు రాలేదు. నేను ఆమెకి చేసిందే గుర్తుకొస్తూ ఉంది.

ఆమె మా బావగారి భార్య, నాకు తోడికోడలు. నేను అక్కయ్య అని పిలిచేదాన్ని. నేను కాపరానికొచ్చిన ఏడే, అంటే యుద్ధం మొదలైన ఏడు, ఆమెకి పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోయింది. ఒళ్ళంతా విషమెక్కితే మిషను ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండు నెలలుంది. అక్కడొక నర్సమ్మ ఆమె మంచం పక్కన కూర్చుని అక్షరాలు నేర్పింది, సువార్త చదివి వినిపించింది. తిరిగొచ్చేటప్పటికి అక్కయ్య ఒక మాట ఇచ్చి వచ్చింది. ఎవరికిచ్చావని అడిగితే, "ఆయనకి" అనేది. ఇంకేం చెప్పేది కాదు.

వచ్చిన మొదటి ఆదివారం తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, వాకిట్లో కూర్చున్న అత్త దగ్గరికొచ్చి, ప్రార్థనకి పోయొస్తానంది. మా ఊళ్ళో ప్రార్థన జరిగేది ఊరి బయట పేటలో, పంతులు పిల్లలకి చదువు చెప్పే కొట్టంలో. మా కులంవాళ్ళు ఆ పేటలో అడుగు పెట్టరు. అక్కడివాళ్ళని మా వాకిట్లోకి రానివ్వరు. అత్త ఒక్క నిమిషం ఆమెని చూసి, రెక్క పట్టుకుని తీసుకుపోయి మిరపకాయలు పోసే గదిలోకి నెట్టి తాళం వేసింది. తాళంచెవి నా కొంగుకి కట్టింది. పశువులు ఇంటికొచ్చేదాకా తియ్యమాకంది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు.

అత్త చెడ్డదని రాయటానికి నాకు చెయ్యి రాదు. ఆమెకి పెళ్ళికి ఎదిగిన కూతురుంది. కోడలు పేటకి పోతందని తెలిస్తే ఆ పిల్లని ఎవరూ చేసుకోరని భయం. ఆ భయంతోనే ఏడేళ్ళు ప్రతి ఆదివారం తాళం వేయించింది. మిగతా ఆరు రోజులు కోడలి చేతి కూడే తినేది, కోడలి చేతే కాళ్ళు పట్టించుకునేది.

రోజు వృథా పోకుండా గదిలో పని ఉండేది. ఎండుమిరపకాయలకి తొడిమలు తియ్యాలి. అక్కయ్య తీస్తూ కూర్చునేది. చేతులు మిరపకాయలకి, నోరు ఆయనకి అనేది నవ్వుతూ. ఆమె ప్రార్థన మీరు విని ఉంటే ప్రార్థన అనుకోరు. చేలో ఉన్న నాన్నతో ఇంటి దగ్గర్నుంచి మాట్లాడినట్టుండేది. "నాయనా, ఇయాల కూడా రాలేకపోతన్నా. ఈడనే ఉన్నా. చూసుకో." అంతే. తర్వాత దగ్గు, ఆ తర్వాత తొడిమలు తుంపే చప్పుడు.

గదికి పశువుల కొట్టం వైపు చెక్క ఊచల కిటికీ ఒకటుంది. నేను పేడ ఎత్తటానికి ఆ పక్కకి పోతే ఆమె బొగ్గుముక్కతో కిటికీ గట్టు మీద ఒక అక్షరం రాసి చూపించేది. తడిగుడ్డతో తుడిచి ఇంకోటి రాసేది. తాళంచెవి నా కొంగునే ఉండగా ఆమె నాకు అఆలు నేర్పింది. ఈ నాలుగు ముక్కలు ఇప్పుడు రాయగలుగుతున్నానంటే ఆ గట్టు మీద నేర్చుకున్న అక్షరాలతోనే.

ఆమెకి కోపం లేదనుకోవద్దు. పెరుగు తోడు సరిగా పెట్టకపోతే నన్ను చెడామడా తిట్టేది. ఒక ఆదివారం మాత్రం నేను మర్చిపోలేను. రోహిణి ఎండలు. గదిలో మిరపకాయల ఘాటు, కిటికీలోంచి కూడా గాలి లేదు. మధ్యాహ్నం ఆమె తలుపు మీద రెండు చేతులతో బాదటం మొదలుపెట్టింది.

"చెల్లీ, కాసేపు తియ్యవే. ఊపిరాడటం లేదు."

అత్త ఎదురుగా వసారాలో పడుకుని ఉంది, కళ్ళు తెరిచే ఉంది. నేను తాళంచెవి పిడికిట్లో పట్టుకుని తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. అవతల ఆమె, ఇవతల నేను, మధ్యలో చెక్క. ఇంకెన్నాళ్ళు నాయనా అని ఆమె ఏడవటం వినపడింది. గంప విసిరికొట్టిన చప్పుడయింది. నేను తియ్యలేదు. సాయంత్రం తీసేటప్పటికి ఆమె నేల మీద చెల్లాచెదురైన కాయలు ఏరుతూ ఉంది. కళ్ళు నెత్తురు ముద్దల్లా ఉన్నాయి. ఆ సంగతి ఆమె తర్వాత ఎన్నడూ ఎత్తలేదు.

ఆ తప్పు దిద్దుకుందామని, అత్త తాళం వేయించి బంధువులింటికి పోయిన ఒక ఆదివారం, బావగారూ మా ఆయనా చేలో ఉండగా, పొద్దున్నే తలుపు తీశాను. ఎవరూ లేరు, పోయిరా అన్నాను. ఆమె గడప దాకా వచ్చి బయటి వెలుతురు చానాసేపు చూసింది.

"అత్తకి చెప్పి పోవాలనుకున్నా గానీ, అత్త లేదని పోవాలనుకోలేదు. ఆయన దగ్గరికి దొంగగా పోయేదేందే? తర్వాత నిన్నేం చేస్తారో నాకు తెలవదా? ఏసెయ్."

తలుపు తనే లాక్కుంది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమె పోతే నేను కూడా ఆ తాళంచెవి కాపలా నుంచి బయటపడతానని నాకు ఆశ. తాళం వేసి, కొట్టంలో ఎద్దు పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆడపడుచుకి సంబంధం వచ్చినప్పుడు అత్త కాస్త దిగొచ్చింది. పెళ్ళివాళ్ళ ముందు ఒక్కసారి ఆ దేవుణ్ణి వదిలేశానని చెప్పు, మనసులో ఏమైనా పెట్టుకో, రేపట్నుంచి తాళం ఉండదంది. బతిమాలినట్టే అడిగింది. అక్కయ్య పిండి రుబ్బుతూ ఉంది. చెయ్యి ఆపింది.

"మనసులో ఉన్నదాన్ని నోటితో లేదనమంటే ఎట్టా అత్తా? ఇంకేదన్నా చెప్పు, చేస్తా."

పెళ్ళివాళ్ళొచ్చిన రోజున ఆమెని పుట్టింటికి పోయిందని చెప్పి గదిలో ఉంచారు. వాళ్ళు తిన్న అరిసెలు ముందురోజు ఆమె వండినవే. పెళ్ళి జరిగింది. తాళం మాత్రం అట్టాగే ఉంది.

తర్వాత అత్తకి పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట ముద్దయింది. ఆ ఆదివారం నేను తాళంచెవి కొంగు నుంచి విప్పి గూట్లో పెట్టేశాను. వేయమనేవాళ్ళు లేరు. కానీ అత్త నా చేత్తో గంజి పోస్తే పళ్ళు బిగబట్టేది. కూతురొచ్చి పోసినా అంతే. అక్కయ్య పోస్తేనే మింగేది. పక్క మార్చటం, ఒళ్ళు తుడవటం, అంతా ఆమే. నేను చూసుకుంటా, ఇప్పుడన్నా పో అక్కయ్యా, తాళం లేదుగా అంటే, "తాళం లేదు గానీ మనిషుందిగా" అంది.

అట్టా ఇంకో రెండేళ్ళు. ఆదివారాలు ఆ మంచం దగ్గరే గడిచాయి. పేట వైపు నుంచి పాట సన్నగా వినపడితే ఆమె చెయ్యి గంజి గిన్నె మీద ఒక్క క్షణం ఆగేది. అత్త ఏనాడూ ఆమెతో తప్పైందనలేదు. అంటుందని ఆమె చూడనూ లేదు.

తెల్లవాళ్ళు పోయిన మరుసటి ఏడు అత్త పోయింది. కర్మంతరాలన్నీ అయ్యాక వచ్చిన ఆదివారం, అక్కయ్య తలంటుకుని బావగారి దగ్గరికి పోయి, పోయొస్తానంది. ఆయన కాడికి తోలు పట్టెడ కడుతున్నాడు. ఇన్నేళ్ళూ తల్లికి ఎదురు చెప్పలేదు, భార్యని ఒక్క మాటా అనలేదు. తలెత్తకుండానే ఊఁ అన్నాడు.

నేను తోడు పోయాను. పేట పిల్లలు మా వెంట పడ్డారు. కొట్టంలో వెనక చాప మీద కూర్చున్నాం. పంతులు వాక్యం చెబుతుండగానే అక్కయ్య గోడకి ఆనుకుని నిద్రపోయింది. పంతులు భార్య లేపబోతే ఆయన వద్దని చెయ్యి ఊపాడు. పాట అయింది, ప్రార్థన అయింది. అందరూ పోయాక లేచి ఆమె సిగ్గుతో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "తొమ్మిదేళ్ళు మేలుకోనుండి, ఈడకొచ్చి నిద్రపోయానే" అని దారంతా నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాత మేం మాచర్లకి వచ్చేశాం. ఆమెకి ఒక వానాకాలం, ఒక చలికాలం మొదలు, అన్ని ఆదివారాలే దక్కాయి. వాగులో నీళ్ళొచ్చినప్పుడు బాప్తిస్మం తీసుకుందని కబురొచ్చింది.

నేను బండి దిగేటప్పటికి వాకిట్లో తగువు నడుస్తూ ఉంది. మన ఆడమనిషిని మన శ్మశానంలోనే దహనం చెయ్యాలని కులపెద్దలు పట్టుబట్టారు. తమ దొడ్డిలో పూడ్చుకుంటామని వచ్చిన పేటవాళ్ళు వాకిలి బయట ఎండలో నిలబడి ఉన్నారు, లోపలికి రావటానికి లేదు, పోవటానికి మనసు రాలేదు. బావగారు ఆమె తల దగ్గర కూర్చుని ఉన్నాడు. లేచాడు.

"బతికినన్నాళ్ళూ దీన్ని మన మాటే కట్టేసింది. ఇయాల దాని మాట చెల్లనీయండి."

పేటవాళ్ళని తనే లోపలికి పిలిచాడు. పాడెకి ముందు ఒక పక్క ఆయన, ఒక పక్క పంతులు భుజం పట్టారు. మావాళ్ళు కొందరు ముఖం తిప్పుకుని పోయారు, కొందరు ఆగి వెంట నడిచారు.

పేట సమాధుల దొడ్డికి పోయే దారి జొన్నచేల మధ్య సన్నటి గట్టు, ఒక మనిషి పట్టేంతే. పూడ్చి తిరిగొచ్చేటప్పుడు జొన్నలు తలెత్తున ఉన్నాయి. ముందు బావగారు, ఆయన వెనక పంతులు భార్య, ఆమె వెనక మా కులపెద్ద ఒకాయన, ఆయన వెనక చంకలో బిడ్డతో పేట మనిషి ఒకామె, ఆమె వెనక నేను. ఎవరు ఎవరికి తగులుతున్నారో ఎవరూ చూసుకోలేదు. ఊరికీ పేటకీ దారి చీలే చోటు వచ్చేదాకా మేమంతా అట్టాగే ఒకే వరసలో నడిచాం.