ఒక్క చెయ్యి ఎత్తిన ఆదివారం

ఈ ఉదయం కూడా నాకు ఊపిరినిచ్చిన దేవునికి స్తోత్రం. ఇవ్వకపోయినా ఆయన నీతిమంతుడే. ఏది మొదలుపెట్టినా ముందు ఆయనను స్తుతించడం నా అలవాటు. ఈ రోజు అలవాటుగా అనడం లేదు.

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువు అంటున్నాను గానీ, మొదట్లో ఉన్న నొప్పి ఇప్పుడు లేదు. మొద్దుబారిపోయింది. నన్ను భయపెడుతున్నది అదే. పేరు రాయను. నేను రిటైరైన స్కూలు మాస్టారిని. కొల్లేటి ఒడ్డున ఒక చిన్న సంఘానికి పెద్దని. పాస్టరుగారు ఏలూరు నుంచి నెలకు రెండుసార్లు వస్తారు, మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది నేనే. మీరెవరో నాకు తెలియదు. తెలియని వాళ్లకే ఇది చెప్పగలుగుతున్నాను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి అది. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మందిరానికి తాళం వేసి, ఆదివారం పొద్దున్నే మా వరండాలో ఏడెనిమిది మందిమి దూరం దూరంగా కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్లం. టీకా గురించి ఊరంతా గుసగుసలు. వేయించుకున్నవాళ్లు రెండేళ్లలో పోతారని ఫోన్లో ఎవరిదో గొంతు. చివరి రోజుల్లో వస్తుందని బైబిల్లో ఉన్న మృగపు ముద్ర ఇదేనని ఇంకో గొంతు. పక్క ఊళ్లో ఒకాయన సూది వేయించుకున్న వారానికి గుండె ఆగి పోయాడు. దేనివల్ల పోయాడో ఎవరికీ తెలియదు, అందరూ తెలిసినట్టే మాట్లాడారు. మా వాళ్లు నన్నడిగారు. ముద్ర సంగతి వాక్యంలో ఎలా ఉందో నాకు బాగా తెలుసు. విశ్వాసాన్ని వదులుకున్నవాడు వేయించుకునే ముద్ర అది, జబ్బు రాకుండా వేసే సూది కాదు. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. మన కాపుదల మందులో లేదని ఒక ఆదివారం గట్టిగా అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. అది వినడానికి నాకు బాగుంది.

ఆ తర్వాత మూడో శనివారం నేను టీకా వేయించుకున్నాను.

నాకు షుగరు ఉంది. మా అల్లుడు తాడేపల్లిగూడెంలో ఉంటాడు. పెంటపాడులో టీకాకి ఖాళీ ఉందని ఫోన్లో నా పేరు పెట్టించి రమ్మన్నాడు. మా ఊరి బళ్లోనే రెండు మూడు రోజుల్లో వేస్తామని ఆశా కార్యకర్త చెప్పినా, చీకటితోనే బండి తీసి అంత దూరం వెళ్లాను. ఎందుకు? అక్కడ నన్నెరిగినవాళ్లు లేరు. విశ్వాసం చాలక వెళ్లానా? కాదనుకుంటాను. మందు కూడా దేవుడు ఇచ్చిందేనని ఆ వరసలో నిలబడి నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కూడా. ఆ నిజాన్ని పెంటపాడులోనే వదిలేసి ఇంటికొచ్చాను.

మర్నాడు ఆదివారం. స్తుతి పాట దగ్గర అందరూ రెండు చేతులూ ఎత్తారు. నా ఎడమ చెయ్యి భుజం దాటి లేవలేదు. కుడిది ఒక్కటే ఎత్తాను.

ప్రార్థనయ్యాక సువార్తమ్మ ఒక్కతే ఆగింది. వాళ్లది మా వెనక వీధి. చేపల చెరువుల దగ్గర షెడ్డులో పెట్టెల్లో ఐసు వేసి చేపలు సర్దే పని ఆమెది. ఆమెకూ షుగరే. మాస్కు గడ్డం కిందికి లాగి నవ్వింది.

"ఏవండీ మాస్టారూ, ఇవాళ దేవుడికి ఒక్క చెయ్యే ఎత్తారేంటండీ? రెండోది సెలవు పెట్టిందా?"

"అరటిగెల మోశానమ్మా. భుజం పట్టేసింది."

"సూది కాదు గదండీ?"

"కాదు."

"ఎల్లుండి మన బళ్లో వేస్తారంటండీ. మా ఆయన నా పేరు కూడా రాయించేశారు. నాకేమో భయం. మీరు వేయించుకుంటే చెప్పండి, నేనూ వేయించుకుంటాను."

"నేను వేయించుకోలేదు సువార్తమ్మా."

"అమ్మయ్య. ఇక మా ఆయన సంగతి నేను చూసుకుంటాలెండి."

అంత నెమ్మదిగా, అంత మర్యాదగా చెప్పాను ఆ అబద్ధం. గొంతు కూడా మారలేదు.

దిద్దుకోవడానికి రెండు రోజులున్నాయి. వాళ్లిల్లు నలభై అడుగుల దూరం. సోమవారం పొద్దున పెరట్లో మొక్కలకు నీళ్లు పెడుతుంటే గోడ అవతల ఆమె భర్త యేసోబు బతిమాలుతున్నాడు. మాస్టారే వేయించుకోలేదు, నువ్వు వాక్యం ఆయన కన్నా ఎక్కువ చదివావా అని ఆమె అంటోంది. సరిగ్గా వినబడాలని కుళాయి కట్టేశాను. విన్నాను. మళ్లీ తిప్పాను.

మంగళవారం యేసోబు ఒక్కడే వెళ్లి వేయించుకున్నాడు. నెల తిరక్కుండా ఇద్దరికీ జ్వరం వచ్చింది. అతను లేచాడు. ఆమెను ఏలూరు తీసుకెళ్లారు. ఆరో రోజున పోయింది. నలుగురే మట్టిచేశారు. ఆ సమాధి దగ్గర ప్రార్థన నేను ఫోన్లో చేశాను. ఏమన్నానో గుర్తులేదు. ఏడవలేదని మాత్రం గుర్తుంది.

ఆ సూది వేయించుకుంటే బతికేదా? తెలియదు. ఒక్క డోసు అన్ని రోజుల్లో ఎంత కాపాడేదో ఏ డాక్టరూ నాకు ఖాయంగా చెప్పలేదు. ఆ తెలియకపోవడం వెనకే ఇన్నాళ్లు దాక్కున్నాను. కానీ తీర్మానించుకోవలసింది ఆమె. నిజం తెలిసి తీర్మానించుకునే అవకాశం ఆమెకు లేకుండా చేసింది నేను. ఎందుకోసం? సంఘం నన్ను చూసే చూపు కోసం.

ఇంకో సంగతి దీనికన్నా బరువైనది. యేసోబు ఇప్పటికీ ఆరాధన అయ్యాక నా పక్కన కూర్చుంటాడు. "చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాల్సిందండీ మాస్టారూ. నేనే వదిలేశాను," అంటాడు. అన్నప్పుడల్లా అది దేవుని చిత్తమని ఓదారుస్తాను. నా అబద్ధాన్ని దేవుని మీద పెట్టాను. నా తప్పును అతను మోసేలా వదిలేశాను. నా పక్కన కూర్చుంటే మనసు తేలికవుతుందంటాడు గనుక, నిజం చెబితే ఆ చోటు కూడా అతనికి పోతుందని సర్దిచెప్పుకుంటాను. జాలా అది? కాదు, నా పెద్దరికం.

దేవుని ముందు ఎన్నిసార్లో మోకరించాను. ఆయన దగ్గర కూడా "నా బలహీనతలు క్షమించు" అనే అన్నాను. అబద్ధం అన్న మాట నా ప్రార్థనలో ఒక్కసారీ రాలేదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను టీకా వేయించుకున్నాను. సువార్తమ్మ నన్ను నమ్మి అడిగితే వేయించుకోలేదని అబద్ధం చెప్పాను.

రాశాక చూసుకుంటే రెండు వాక్యాలే. ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తున్నట్టుంది. దీన్ని క్షమాపణ అనుకోను. అది ఇవ్వగలిగిన మనిషి లేదు.

మీరెవరైనా సరే, కాసేపు నాతో కలిసి ప్రార్థించండి. నాకు శాంతి కలగాలని అడగొద్దు. వచ్చే ఆదివారం యేసోబు మళ్లీ తప్పు తనదే అన్నప్పుడు, కాదు యేసోబూ, నాది అని చెప్పే నోరు నాకిమ్మని అడుగుదాం.